రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం, సమయం: టికెట్ కొనేముందు ఏది చూసి నిర్ణయించుకోవాలి

టికెట్ బుక్ చేసేముందు చాలామంది రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొట్టి, మధ్యలో ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు అని వెతుకుతారు. వెంటనే ఒక అంకె వస్తుంది. ఆ అంకె తప్పేమీ కాదు, కానీ ఏ టికెట్ కొనాలో దానితో తేలదు. టికెట్లు పోల్చేటప్పుడు చూడాల్సింది గడప దాటిన దగ్గర్నుంచి చేరాల్సిన గడప తొక్కేదాకా పట్టే సమయం. దాంతోపాటు, మధ్యలో ఏ ఒక్క దశ ఆలస్యమైతే మొత్తం ప్రయాణం చెడుతుందో కూడా చూడాలి. ఈ రెండూ పట్టించుకుంటే, వెతికిన వెంటనే కనిపించే "అతి తక్కువ సమయం" టికెట్ చాలాసార్లు జాబితాలో కిందికి జారిపోతుంది.

ముందు ఆ కిలోమీటర్ల సంగతి. దూరం లెక్కగట్టే సైట్లు రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూమిని 6,371 కి.మీ. వ్యాసార్ధం ఉన్న గోళంగా భావించి, ఆ గోళం మీద అతి దగ్గరి దారి ఎంతో చెబుతాయి. అందుకే మ్యాపులో విమానం దారి విల్లులా వంగి, ఉత్తరానికి ఎక్కి దిగినట్టు కనిపిస్తుంది. గోళం మీద అదే దగ్గరి దారి. ఇక్కడ యూనిట్ కూడా గమనించండి. మామూలు మైలు 1.609 కి.మీ., విమానయానంలో వాడే నాటికల్ మైలు 1.852 కి.మీ. ఒక సైట్లో మైళ్లు, ఇంకో సైట్లో నాటికల్ మైళ్లు చూసి పోలిస్తే రెండు వేర్వేరు దూరాలున్నట్టు కంగారు పడతాం.

ఆ దూరాన్ని గంటల్లోకి మార్చడానికి ఒక చిన్న లెక్క ఉంది. కిలోమీటర్లను 850తో భాగించి అరగంట కలపండి. పెద్ద జెట్ విమానాలు పైకి వెళ్లాక గంటకు 900 కి.మీ. దరిదాపుల్లో వెళతాయి, ఎక్కడానికి దిగడానికి పట్టే సమయం ఆ అరగంటలో సర్దుకుంటుంది. సింగపూర్ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే దాదాపు 15,300 కి.మీ. మన లెక్కలో పద్దెనిమిదిన్నర గంటలు వస్తుంది, నిజంగా ఆ ఫ్లైట్‌కు పట్టేదీ అంతే. ఏటీఆర్ లాంటి ప్రొపెల్లర్ విమానమైతే 850 బదులు 500తో భాగించాలి. చిన్న దూరాల్లో ఈ తేడా తెలియకపోతే, 400 కి.మీ. ప్రయాణానికి ఒక ఫ్లైట్ దాదాపు గంట అనీ, ఇంకోటి గంటా పదిహేను నిమిషాలనీ ఎందుకు చూపిస్తుందో అర్థం కాదు.

ఈ లెక్కను తలకిందులు చేసేవి రెండున్నాయి. ఒకటి గాలి. పై ఎత్తులో జెట్ స్ట్రీమ్ పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. న్యూయార్క్–లండన్ మధ్య దూరం దాదాపు 5,540 కి.మీ. న్యూయార్క్ నుంచి లండన్‌కు మామూలుగా ఏడు గంటలు, తిరుగు ప్రయాణానికి ఎనిమిది గంటల దాకా. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలుల ఊపుతో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి అదే దూరాన్ని ఐదు గంటల లోపే దాటేసింది. కాబట్టి వెళ్లేటప్పటి సమయం చూసి తిరుగు ప్రయాణాన్ని అంచనా వేయకండి. రెండోది మూతపడిన గగనతలం. హెల్సింకీ నుంచి టోక్యోకు గోళం మీద దూరం 7,800 కి.మీ. దరిదాపుల్లో, మన లెక్కలో తొమ్మిది గంటల నలభై నిమిషాలు వస్తుంది. 2022 వరకు ఇంచుమించు అంతే పట్టేది. రష్యా గగనతలం మూతపడ్డాక అదే ప్రయాణం పదమూడు గంటలకు పెరిగింది. ఎయిర్‌పోర్టులు అక్కడే ఉన్నాయి, దూరం చూపించే సైట్లో అంకె మారలేదు, కూర్చునే సమయం మాత్రం మూడు గంటలకు పైగా ఎక్కువైంది. అందుకే ఏ మార్గానికైనా లెక్కగట్టిన సమయంతో ఆగిపోకుండా, ఈ నెల షెడ్యూల్లో ఆ ఫ్లైట్‌కు ఎంత ఇచ్చారో ఒకసారి చూడాలి.

ఆ షెడ్యూల్లో ఉండే సమయం గాల్లో ఉండే సమయం కాదు. ఇక్కడ గేటు వదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా పట్టే సమయం అది. రన్‌వే దాకా నేల మీద నడిచే సమయం, టేకాఫ్ వరుసలో నిలబడే సమయం, దిగాక మళ్లీ గేటు దాకా వచ్చే సమయం అన్నీ అందులోనే. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్‌లో ఒక రన్‌వే టెర్మినల్‌కు ఎంత దూరమంటే, దాని మీద దిగిన విమానం గేటుకు చేరడానికే పది పదిహేను నిమిషాలు పడుతుంది. దీనికి తోడు ఎయిర్‌లైన్లు లేటు పడకుండా కొన్ని నిమిషాలు అదనంగా వేసుకుంటాయి. ఒకే మార్గంలో రెండు కంపెనీల మధ్య పది, పదిహేను నిమిషాల తేడా కనబడితే దాన్ని చూసి టికెట్ ఎంచుకోనవసరం లేదు. బయల్దేరే వేళ నయంగా ఉందా, ఆ ఫ్లైట్ తరచూ లేటవుతోందా అన్నది చూడండి. ఫ్లైట్ ట్రాకింగ్ సైట్లలో అదే నంబరు ఫ్లైట్ గత వారం పది రోజుల్లో ఎప్పుడెప్పుడు దిగిందో ఉచితంగానే కనబడుతుంది. రెండు నిమిషాల పని, చాలా ఉపయోగం.

నాన్‌స్టాపా, ఒక స్టాపా?

దిగి ఎక్కడం వల్ల దూరం బాగా పెరుగుతుందని అనుకుంటాం. మధ్యలో దిగే ఊరు దారిలోనే ఉంటే పెద్దగా పెరగదు. లండన్–సిడ్నీ మధ్య దాదాపు 17,000 కి.మీ. సింగపూర్‌లో దిగి వెళితే రెండు ముక్కలూ కలిపి 17,200 దాకా, అంటే అదనంగా పడేది ఒక శాతమే. దుబాయ్ మీదుగా అయితే 17,500 పైచిలుకు. అదే లాస్ ఏంజెలిస్ మీదుగా వెళితే 20,800 దాటుతుంది. దాదాపు నాలుగు వేల కిలోమీటర్లంటే నాలుగైదు గంటలు గాల్లోనే అదనం. స్టాప్ ఉన్న టికెట్లను పోల్చేటప్పుడు ఈ కూడిక ఒకసారి వేయండి. మొదటి ముక్క, రెండో ముక్క కలిపితే సూటి దూరం కన్నా పది శాతం లోపు ఎక్కువైతే ఆ ఊరు దారిలో ఉన్నట్టే. ఇరవై శాతం దాటితే, ధరలో మంచి తేడా ఉంటే తప్ప నేనైతే వద్దంటాను.

స్టాప్ వల్ల పోయే సమయంలో ఎక్కువ భాగం దూరం వల్ల పోదు, నేల మీద పోతుంది. దిగడం, ఆగడం, మళ్లీ సెక్యూరిటీ, మళ్లీ బోర్డింగ్, అన్నీ కలిసి మూడు గంటలు ఎటూ కాని సమయం. ఎనిమిది తొమ్మిది గంటల లోపు ప్రయాణాలకు నాన్‌స్టాప్ దొరికితే కొంత ఎక్కువ పెట్టయినా అదే తీసుకోవడం మేలు. పద్నాలుగు గంటలు దాటే ప్రయాణాల్లో మాత్రం సంగతి వేరు. కాళ్ల వాపులున్న పెద్దవాళ్లు, చంటిపిల్లల తల్లులు, నడుం నొప్పి ఉన్నవాళ్లు పదిహేడు గంటలు ఒకే సీట్లో కూర్చోవడం కన్నా మధ్యలో మూడు గంటలు దిగి నడిచి, మంచి బాత్రూం వాడుకుని, కాస్త నడుం వాల్చి వెళితే చేరాక తేరుకోవడం తేలిక. మరోవైపు భాష రాని పెద్దవాళ్లు ఒంటరిగా వెళుతుంటే, ఎంత పొడుగు ప్రయాణమైనా నాన్‌స్టాపే నయం. మధ్యలో గేటు మారితే వాళ్లు పడే టెన్షన్ ముందు కాళ్ల వాపు చిన్న విషయం. వీల్‌చెయిర్ సాయం ముందే బుక్ చేస్తే ఒకే ఒక్క ట్రాన్సిట్ పర్వాలేదు, రెండైతే వద్దు.

బుక్ చేసేటప్పుడు "డైరెక్ట్" అని కనబడినా, స్టాపులు సున్నా అని ఉందో లేదో చూసుకోండి. ఒకే నంబరుతో మధ్యలో ఆగి వెళ్లే ఫ్లైట్లను కూడా డైరెక్ట్ అనే అమ్ముతారు.

ఇక మధ్యలో ఎంత ఆగాలి? ప్రతి ఎయిర్‌పోర్టుకూ కనీస కనెక్షన్ సమయం అని ఒకటుంటుంది. దానికన్నా తక్కువ గ్యాప్ ఉన్న కనెక్షన్‌ను ఒకే టికెట్‌గా అమ్మరు. వియన్నాలో అది 25 నిమిషాలే. అయితే సిస్టమ్ అమ్మిందంటే అందుకోవడానికి వీలుందనే అర్థం, హాయిగా అందుతుందని కాదు. దేశం మారే ప్రయాణాల్లో రెండు నుంచి మూడు గంటలు మంచి గ్యాప్. అంతకన్నా ముఖ్యంగా ఇంకో మాట అడగాలి: ఈ కనెక్షన్ తప్పితే, అదే ఊరికి తర్వాతి ఫ్లైట్ ఎప్పుడు? రెండు గంటలకొక ఫ్లైట్ ఉంటే డెబ్బై నిమిషాల గ్యాప్ తీసుకున్నా భయం లేదు. రోజుకు ఒకటే ఉంటే, లేదా మీది ఆ రోజుకు చివరిదైతే, నాలుగు గంటల గ్యాప్ కూడా ఎక్కువ కాదు. ఒకే గ్యాప్ ఉన్న రెండు టికెట్లలో పొద్దున కలిసేదాన్ని తీసుకోండి, రాత్రి కలిసేదాన్ని వదిలేయండి.

ఒకే టికెట్టా, వేర్వేరు టికెట్లా?

వేర్వేరుగా కొంటే చవకగా కనబడుతుంది. బుకింగ్ సైట్లు కూడా రెండు కంపెనీల టికెట్లు జోడించి ఒకే ప్రయాణంలా చూపిస్తాయి, కింద చిన్న అక్షరాల్లో "సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్" అని ఉంటుంది. ఆ రెండు మాటల వెనక ఉన్న బాధ్యత మొత్తం మనదే.

ఒకే బుకింగ్ అయితే మొదటి ఫ్లైట్ లేటై రెండోది పోయినా, మిమ్మల్ని గమ్యం చేర్చే పని ఎయిర్‌లైన్‌దే. సామాను చివరిదాకా ట్యాగ్ అవుతుంది. దీనికి మినహాయింపులున్నాయి, అమెరికాకు వెళితే సాధారణంగా మొదట దిగిన ఎయిర్‌పోర్టులోనే సామాను తీసుకుని, కస్టమ్స్ దాటాక మళ్లీ అప్పగించాలి. యూరోపియన్ యూనియన్‌లోని ఎయిర్‌పోర్టు నుంచి ఒకే బుకింగ్ మీద బయల్దేరినవాళ్లు కనెక్షన్ తప్పి గమ్యానికి మూడు గంటలకు మించి లేటుగా చేరితే, అసాధారణ కారణాలు లేనప్పుడు, 261/2004 నిబంధన కింద నష్టపరిహారం కూడా అడగవచ్చు.

వేర్వేరు టికెట్లయితే రెండో ఎయిర్‌లైన్‌కు మీ మొదటి ఫ్లైట్ సంగతి తెలియదు. మీరు రాలేదు, అంతే. నో షో కింద రాసుకుంటారు. చాలామందికి తెలియని విషయం, ఆ రెండో టికెట్‌లోనే తిరుగు ప్రయాణం కూడా ఉంటే సాధారణంగా అదీ రద్దయిపోతుంది. పైగా సామాను తీసుకోవడానికి, మళ్లీ చెక్ ఇన్ చేయడానికి ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి, అంటే ఆ దేశం వీసా కావాలి. ట్రాన్సిట్ ఏరియాలో కూర్చుంటే వీసా అక్కర్లేని చోట కూడా బయటికి వస్తే కావాల్సి రావచ్చు. ఇది చూసుకోకపోతే మొదటి ఎయిర్‌పోర్టులోనే విమానం ఎక్కనివ్వరు.

వేర్వేరు టికెట్లు అస్సలు వద్దని అనను. చేతి సామానుతోనే వెళుతూ, వీసా ఇబ్బంది లేక, మధ్య ఊళ్లో ఒక రాత్రి ఉండే ఉద్దేశం ఉంటే నిక్షేపంగా కొనవచ్చు. అదే రోజు కలపాలంటే మాత్రం ఆదా అయ్యే డబ్బును, రెండో ఫ్లైట్‌కు ఆ రోజు కౌంటర్లో కొత్త టికెట్ కొనే ధరతో పోల్చి చూడండి.

దగ్గరి ఊళ్లు

ఐదు వందల కిలోమీటర్ల లోపు, వేగంగా వెళ్లే రైలు ఉన్న చోట ఎక్కువ ఆలోచించక్కర్లేదు, రైలే నయం. గంట ఫ్లైట్‌కు ముందు గంటన్నర, తర్వాత అరగంట, రెండు వైపులా ఊళ్లోకి ప్రయాణం కలిపితే నాలుగు గంటలు. టోక్యో–ఒసాకా రైలు రెండున్నర గంటల్లో ఊరి మధ్యలో దింపుతుంది. ఫ్రాన్స్‌లో రెండున్నర గంటల లోపు రైలు ఉన్న కొన్ని మార్గాల్లో 2023లో విమానాలనే ఆపేశారు, కనెక్షన్ ప్రయాణికులకు మాత్రం మినహాయింపు ఉంది.

ఇలాంటి చోటే ఎయిర్‌పోర్టు పేరు కూడా మోసం చేస్తుంది. పారిస్ పేరుతో అమ్మే బోవే ఎయిర్‌పోర్టు నగరానికి 85 కి.మీ. దూరం. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అయితే ఫ్రాంక్‌ఫర్ట్‌కు 120 కి.మీ. దరిదాపుల్లో ఉంది. విమానంలో మిగిలిన సమయం బస్సులో పోతుంది.

ఊరు ఒకటే, ఎయిర్‌పోర్టులు రెండు

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వెతికేటప్పుడు ఊరి పేరు కొడితే సైట్ ఆ ఊరి ఎయిర్‌పోర్టులన్నీ కలిపేస్తుంది. లండన్, టోక్యో, న్యూయార్క్, షాంఘై, ఇస్తాంబుల్, ఏదైనా ఇంతే. ఫలితాల్లో ఒక ఎయిర్‌పోర్టులో దిగి ఇంకో ఎయిర్‌పోర్టులో ఎక్కే టికెట్ వస్తుంది, ధర తక్కువగా ఉంటుంది, మధ్యలో ఐదు గంటల గ్యాప్ చూసి సరిపోతుందిలే అనిపిస్తుంది.

లండన్ హీత్రూ, గాట్విక్ తీసుకుందాం. సూటిగా 40 కి.మీ., లండన్ చుట్టూ తిరిగే ఎం25 హైవే మీదుగా రోడ్డు మీద దాదాపు 70 కి.మీ. హీత్రూలో మధ్యాహ్నం ఒంటి గంటకు దిగి, గాట్విక్‌లో సాయంత్రం ఆరు గంటలకు ఎక్కాలి అనుకోండి. విమానం గేటు దగ్గర ఆగాక దిగి, నడిచి, ఇమిగ్రేషన్ వరుస దాటేసరికి రెండు. బెల్టు మీద సామాను వచ్చేసరికి రెండూ ఇరవై. ట్రాలీ తోసుకుంటూ బస్సు ఆగే చోటికి వెళ్లి, తర్వాతి బస్సు ఎక్కేసరికి రెండూ యాభై. బస్సు గంట నుంచి గంటన్నర, ఎం25 సాయంత్రాలు కిక్కిరిసి ఉంటుంది కాబట్టి గంటన్నరే వేసుకుందాం, నాలుగూ ఇరవై. గాట్విక్‌లో ఉత్తర, దక్షిణ టెర్మినళ్లు రెండున్నాయి, మీది ఏదో చూసుకుని, అవసరమైతే షటిల్ ఎక్కి బ్యాగ్ డ్రాప్ వరుసలో నిలబడేసరికి నాలుగూ నలభై. చాలా అంతర్జాతీయ ఫ్లైట్లకు బ్యాగులు తీసుకోవడం గంట ముందే, అంటే ఐదింటికే ఆపేస్తారు. ఐదు గంటల గ్యాప్‌లో మీ చేతిలో మిగిలింది ఇరవై నిమిషాలు. మొదటి ఫ్లైట్ అరగంట లేటైతే అదీ లేదు.

ఏ రెండు ఎయిర్‌పోర్టులకైనా ఈ లెక్కే వేసుకోండి. ఇమిగ్రేషన్‌కు గంట, సామానుకు ఇరవై నిమిషాలు, బండి ఎక్కడానికి అరగంట, ప్రయాణానికి ట్రాఫిక్ ఉన్నప్పటి సమయం, కౌంటర్ మూసే సమయంతో కలిపి రెండో ఫ్లైట్‌కు ముందు గంటన్నర. దాని మీద మొదటి ఫ్లైట్ లేటుకు కనీసం గంటన్నర కలపండి. మొత్తం ఆరు గంటల పైమాటే. ఆరు గంటల కన్నా తక్కువ గ్యాప్‌తో ఎయిర్‌పోర్టు మారే టికెట్‌ను, ముఖ్యంగా వేర్వేరు బుకింగ్ అయితే, తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. ఒకే బుకింగ్ అయినా, ఊళ్లో మధ్య ప్రయాణం బస్సు ఖర్చుతో సహా మనమే చూసుకోవాలి, వీసా అవసరమూ తప్పదు.

రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దేనిలో వెళ్లాలన్నది కిలోమీటర్లను బట్టి తేలదు, మధ్యలో రైలు ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది. షాంఘైలో హాంగ్‌చావో, పుడాంగ్ మధ్య సూటిగా 45 కి.మీ. మెట్రో లైన్ 2లో గంటన్నర పైనే పట్టేది. 2024 డిసెంబరులో ఎయిర్‌పోర్టు లింక్ రైలు మొదలయ్యాక నలభై నిమిషాలకు దిగింది. సియోల్‌లో ఇంచియోన్ నుంచి గింపోకు ఒక్క రైలెక్కితే నలభై నిమిషాల్లో చేరిపోవచ్చు. ఇస్తాంబుల్‌లో మాత్రం కొత్త ఎయిర్‌పోర్టు యూరప్ వైపు, సబీహా గోక్చెన్ ఆసియా వైపు. రోడ్డు మీద వెళితే మధ్యలో బోస్ఫరస్ దాటాలి. వంతెన దగ్గర ట్రాఫిక్ ఎలా ఉంటే మీ ప్రయాణం అలా ఉంటుంది. అక్కడ ఆరు గంటలు కూడా తక్కువే.

టోక్యోలో హనేడా, నరిటా మధ్య సూటిగా 60 కి.మీ. బస్సు గంట నుంచి గంటన్నర, మారకుండా వెళ్లే రైలు కూడా గంటన్నర. సమయం దాదాపు సమానం కాబట్టి సామాను చూసి ఎంచుకోవాలి. పెద్ద పెట్టెలుంటే బస్సు, కింద లగేజీలో వేసి ఒకే సీట్లో కూర్చుని దిగొచ్చు. ఆ రైలు నగరం మధ్యలోంచి వెళుతుంది, ఆఫీసు వేళల్లో రెండు పెట్టెలతో నిలబడటం కష్టం. చేతి సామానే ఉండి, సమయం బిగువుగా ఉంటే రైలు ఎక్కండి. అది రోడ్డు జామ్‌లో ఇరుక్కోదు. ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకు ట్యాక్సీ, నలుగురుండి పంచుకుంటే తప్ప, ఎక్కడా గిట్టుబాటు కాదు. బస్సు ఇరుక్కునే రోడ్డులోనే అదీ ఇరుక్కుంటుంది.

ఎయిర్‌పోర్టు మారక తప్పకపోతే, రెండో ఫ్లైట్ మర్నాడు పొద్దున ఉండేలా చూసుకుని, దిగిన రోజే ఊరు దాటి రెండో ఎయిర్‌పోర్టు దగ్గర గది తీసుకోండి. మొదటి ఎయిర్‌పోర్టు దగ్గర పడుకుని పొద్దున్నే బయల్దేరితే ఆఫీసు ట్రాఫిక్ ఎదురవుతుంది. రాత్రి ఖాళీ రోడ్డు మీద దాటేస్తే తెల్లారి షటిల్‌లో పది నిమిషాల దారి.